పుస్తకం నలిగి వచ్చిందా? ఆర్డరు పెట్టే ముందు నుంచి డబ్బు వెనక్కి వచ్చేదాకా ఏం చేయాలి

పార్సిల్ విప్పగానే మూల నలిగిపోయిన అట్టో, చీలిన వెన్నో, తడిసి ఉబ్బిన పేజీలో కనిపిస్తే ఒళ్లు మండుతుంది. మండనివ్వండి గానీ, పుస్తకం మార్చి ఇస్తారా లేదా అన్నది ఆ తర్వాత మీరు రాసే ఘాటైన మెసేజ్‌ల మీద ఆధారపడదు. విప్పకముందూ విప్పుతున్నప్పుడూ మీరు ఏం ఫోటో తీశారు, ఎన్నో రోజున అడిగారు, ఏ మాటల్లో అడిగారు అన్న మూడింటి మీద ఆధారపడుతుంది. విశాఖలో ఉంటే దీనికి తేమ కూడా తోడవుతుంది. రవాణాలో పాడైనదేదో, మన ఊరి గాలికి వంగినదేదో తేడా తెలియకపోతే అడగాల్సినచోట ఊరుకుంటాం, ఊరుకోవాల్సినచోట అడిగి లేదనిపించుకుంటాం.

అసలు ఎందుకు నలుగుతుంది

పెట్టె మీద పడే దెబ్బ కంటే పెట్టె లోపల పుస్తకం కదలడమే ఎక్కువ చెడుపు చేస్తుంది. పుస్తకం బరువైన వస్తువు, మూలలున్న వస్తువు. ఖాళీ ఉన్న డబ్బాలో వేస్తే ఒంపిన ప్రతిసారీ బరువంతా ఒక మూల మీదికి వచ్చి పడుతుంది. డబ్బా పైకి చెక్కుచెదరకుండా ఉండి లోపలి పుస్తకం మాత్రం నలిగి ఉండటానికి కారణం ఇదే. ప్లాస్టిక్ కవర్లో వచ్చేవాటి సంగతి వేరే. దానిలో ఖాళీ ఉండదు గానీ రక్షణా ఉండదు, సంచిలో మిగతా పార్సిళ్ల బరువంతా నేరుగా అట్ట మీదే పడుతుంది.

అమ్మేవాళ్లు మంచి డబ్బా ఎందుకు వాడరంటే, కొరియర్ లెక్క. చాలా కొరియర్లు అసలు బరువునూ, పరిమాణం బట్టి లెక్కగట్టిన బరువునూ పోల్చి, ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేదే ఆ రెండో బరువు. 30×25×15 సెంటీమీటర్ల డబ్బా అయితే 2.25 కిలోలు. లోపల ఉన్నది 600 గ్రాముల నవల. అందుకే రెండు వందల యాభై రూపాయల పుస్తకానికి డబ్బా పెట్టకుండా కవర్లో దూర్చి పంపేస్తారు. డబ్బా వద్దనుకున్నా రెండు అట్టముక్కలు పెడితే పోయేది 50 గ్రాములే, ఆ మాత్రం కూడా చేయకపోవడానికి మాత్రం ఏ లెక్కా అడ్డురాదు.

ఆర్డరు పెట్టేటప్పుడే చూడాల్సినవి

పెద్ద సైట్లలో పుస్తకం పేజీ ఒక్కటే అయినా అమ్మేవాళ్లు పదిమంది ఉండొచ్చు. ధర కింద ఉన్న అమ్మకందారు పేరు నొక్కండి. అమ్మేవాళ్ల పేరు, చిరునామా, రేటింగు చూపించడం 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ వేదికల బాధ్యత. రేటింగు అంకె చూసి వదిలేయకండి, తక్కువ నక్షత్రాలిచ్చిన సమీక్షలు ఓ పది చదవండి. వాటిలో ‘కవర్లో వచ్చింది’, ‘మూలలు నలిగాయి’ అని పదేపదే కనిపిస్తే ఇరవై రూపాయలు ఎక్కువైనా ఇంకో అమ్మకందారు దగ్గర కొనండి.

తర్వాత రిటర్న్ షరతు. చాలా చోట్ల గడువు 7 నుంచి 10 రోజులు, అది డెలివరీ అయిన రోజు నుంచే మొదలవుతుంది, మీరు విప్పిన రోజు నుంచి కాదు. ‘రీప్లేస్‌మెంట్ మాత్రమే’ అని ఉంటే డబ్బు వెనక్కి అడగడం కష్టం. అదే ‘ఒక్క కాపీయే మిగిలింది’ అన్న పుస్తకమైతే మార్చడానికి రెండో కాపీ ఉండదు, డబ్బే వస్తుంది. దొరకని పుస్తకాన్ని అలా తెప్పించుకునేటప్పుడు కొద్దిగా నలిగినా ఉంచుకోవడానికి ముందే మనసు సిద్ధం చేసుకోవాలి.

పుస్తకాన్ని స్టీలు గిన్నెలతో, నూనె డబ్బాలతో, సబ్బులతో కలిపి ఒకే ఆర్డరులో పెట్టకండి. ఒకే డబ్బాలో వేసే వీలుంటే వేసేస్తారు. గట్టి అట్ట పుస్తకాన్నీ పలుచని పుస్తకాలనూ కూడా విడివిడిగా పెట్టడం మేలు, బరువైన దాని మూల పక్కదాని ముఖచిత్రంలోకి దిగుతుంది.

డెలివరీ సూచనల పెట్టెను ఖాళీగా వదలకండి. మధురవాడ, పెందుర్తి వైపు విడి ఇళ్లున్నవాళ్లు ‘గేటు మీదుగా వేయవద్దు, ఫోన్ చేయండి’ అని రాయాలి. అపార్ట్‌మెంట్ల వాళ్లు వాచ్‌మన్ గది దగ్గర పెట్టవద్దని రాయాలి. ఆ గది ముందు నేల తడుస్తూనే ఉంటుంది, నీళ్ల ట్యాంకరు వచ్చిన రోజు మరీనూ. పగలు ఇంట్లో ఎవరూ ఉండకపోతే సిరిపురంలోనో ద్వారకానగర్‌లోనో ఉన్న ఆఫీసు చిరునామా ఇవ్వడమే నయం. జూన్‌లో మొదలైన వానలు, తుపాన్లతో కలిపి, డిసెంబరు దాకా వదలని ఊరు మనది. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వినబడితే తొందరలేని పుస్తకాల ఆర్డరు నాలుగు రోజులు ఆపండి.

చిన్న ప్రచురణకర్తల దగ్గర నేరుగా కొంటుంటే పని ఇంకా సులువు. వాట్సాప్‌లో ఒక్క మాట: ‘రెండు అట్టముక్కల మధ్య పెట్టి, పైన పాలిథిన్ కవరు వేసి పంపండి, అదనపు ఖర్చు నేనిస్తాను.’ అడిగితే దాదాపు ఎవరూ కాదనరు. పోస్టులో పంపుతామంటే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. 2025లోనే రిజిస్టర్డ్ పోస్టు విడిగా లేకుండా పోయింది, స్పీడ్ పోస్టులో కలిపేశారు. పాత ఛార్జీలే చెబుతున్నారంటే వాళ్లు ఇంకా కొత్త లెక్క చూసుకోలేదని అర్థం.

తలుపు దగ్గర

డెలివరీ అబ్బాయి ‘ఓటీపీ చెప్పండమ్మా’ అనగానే చెప్పేయకండి. ‘ఒక్క నిమిషం ఆగు బాబూ, చూసి చెప్తాను’ అంటే ఆగుతాడు. ఈ నిమిషంలో మూడు చూడాలి: కవరు తడిగా ఉందా, చిరిగి పుస్తకం బయటికి కనబడుతోందా, ఒకసారి విప్పి మళ్లీ టేపు వేసిన ఆనవాలు ఉందా. వీటిలో ఏదున్నా పార్సిల్ ఫోటో తీసి, తీసుకోనని చెప్పండి. వెనక్కి పంపిన ఆర్డరుకు డబ్బు తిరిగి రావడం, తీసుకున్నాక పోరాడటం కంటే చాలా తేలిక. క్యాష్ ఆన్ డెలివరీ అయితే ఇంకా తేలిక, డబ్బు ఇంకా మీ దగ్గరే ఉంది కాబట్టి.

కవరు కాస్త గీసుకుపోయినంత మాత్రాన తిప్పి పంపకండి. ఆ అబ్బాయికి రోజుకు ఇన్నని లెక్క ఉంటుంది, పుస్తకం నలగడంలో అతని చేయి చాలాసార్లు ఉండదు కూడా. సందేహం ఉంటే తీసుకుని, అతను వెళ్లేలోపు పార్సిల్‌ను అన్ని వైపులా ఫోటో తీసుకోండి. ఫోటోకు సమయం దానంతటదే పడుతుంది, అదే కావలసింది.

విప్పే పద్ధతి

ఫోన్‌ను దేనికైనా ఆనించి, కిటికీ దగ్గర వెలుతురులో, ఆపకుండా ఒకే వీడియో తీయండి. ముందు లేబుల్, దాని మీద ఆర్డరు నంబరు చదవగలిగేలా మూడు నాలుగు సెకన్లు. తర్వాత ఆరు వైపులా తిప్పండి. అప్పుడు కోయండి. మధ్యలో వీడియో ఆపి మళ్లీ మొదలుపెడితే విలువ సగం పోతుంది, మధ్యలో ఏం జరిగిందో చెప్పలేం అంటారు.

కోసేటప్పుడు బ్లేడును లోతుగా దించకండి. పుస్తకం అట్ట మీద సన్నని పొడవాటి గీత ఉంటే అది కొరియర్ పని కాదు, విప్పినవాళ్ల కత్తిదే. ప్లాస్టిక్ కవరైతే పుస్తకాన్ని ఒక పక్కకు జరిపి, ఖాళీ ఉన్న అంచును మొద్దుమొన కత్తెరతో కత్తిరించండి.

బయటికి తీశాక పుస్తకంతో పాటు లోపల పెట్టిన సామానంతా, అంటే బబుల్ షీటు, కాగితం ముద్దలు, అసలేమీ లేకపోతే ఆ ఖాళీ కవరు, బల్ల మీద పరిచి ఒకే ఫోటోలో తీయండి. నలిగిన మూల దగ్గరగా తీసిన ఫోటో కంటే ఈ ఫోటోకే ఎక్కువ బలం. ప్యాకింగ్ చాలలేదని ఒక్క చూపులో తెలిసిపోతుంది, ‘మీ చేతుల్లోనే పడిపోయి ఉంటుంది’ అనే మాటకు తావుండదు. వ్యవహారం తేలేదాకా ఆ చెత్తనంతా దాచండి.

పేరు రాయకండి, తేదీ వేయకండి, ధర స్టిక్కరు పీకకండి. పుస్తకం రాగానే మొదటి పేజీలో సంతకం పెట్టే అలవాటున్నవాళ్లకు ఇది కష్టమే, ఓ గంట ఓర్చుకోవాలి.

ఏమేం పరీక్షించాలి

నాలుగు మూలలూ వెన్ను పైకొసా కిందికొసా చూడటం అందరూ చేస్తారు. లోపల చూడటమే వదిలేస్తారు, తర్వాత నెల రోజులకు చదువుతుంటే 96వ పేజీ తర్వాత 113 వస్తుంది. పుస్తకాలు ఫారాల లెక్కన, అంటే ఒక పెద్ద కాగితాన్ని మడిచి చేసే కట్టల లెక్కన అచ్చవుతాయి, సాధారణంగా ఫారానికి 16 పేజీలు. బైండింగులో ఒక ఫారం జారిపోతే 16 పేజీలు ఒకేసారి పోతాయి, లేదా ఒకే ఫారం రెండుసార్లు పడుతుంది, లేదా తలకిందులుగా కుట్టేస్తారు. కింది మూల పట్టుకుని పేజీ అంకెలు చూస్తూ బొటనవేలితో నెమ్మదిగా జార్చితే రెండు నిమిషాల్లో బయటపడుతుంది. ఖాళీగా వదిలేసిన పేజీలు, రెండుసార్లు అచ్చుపడి మసకబారినవి కూడా ఇందులోనే దొరుకుతాయి. ఇది రవాణా నష్టం కాదు, అచ్చు లోపం. ఫిర్యాదులో ఆ పేరుతోనే రాయాలి.

తర్వాత బైండింగ్. కుట్టు లేకుండా జిగురుతో మాత్రమే అంటించిన పుస్తకాన్ని మధ్యకు తెరిచి ఒక్కసారిగా అదిమితే వెన్ను చిట్లుతుంది, ఆ నేరం మీదే అవుతుంది. పుస్తకాన్ని వెన్ను బల్లకు ఆనేలా నిలబెట్టి, ముందు రెండు అట్టలూ దించండి. తర్వాత ముందు నుంచి కొన్ని పేజీలు, వెనక నుంచి కొన్ని పేజీలు, ఇలా మార్చి మార్చి దించుకుంటూ మధ్యకు రండి. అప్పటికీ పేజీలు ఊడి చేతికొస్తే జిగురు సరిగా పట్టలేదన్నమాట.

నకిలీ కాపీ అనిపిస్తే: వెనకట్ట మీద ఉండే పదమూడు అంకెల పుస్తక గుర్తింపు సంఖ్యను, అంటే ఐఎస్‌బీఎన్‌ను, లోపలి వివరాల పేజీలో ఉన్నదానితో పోల్చండి. మన దేశంలో వేసిన పుస్తకాలకు ఎక్కువగా 978-81 లేదా 978-93తో మొదలవుతుంది. ముఖచిత్రం జిరాక్సులా మసకగా ఉండటం, వెనక పేజీ అక్షరాలు ముందుకు కనబడేంత పలుచని కాగితం, ఒక్కో పేజీలో ఒక్కో రకంగా వంగిన మార్జిన్లు కూడా గుర్తులే. అయితే తొందరపడవద్దు. అడిగినప్పుడు మాత్రమే ఒక్కో కాపీ వేసే డిజిటల్ ముద్రణ పుస్తకాల్లో కూడా కాగితం తేడాగా, ముఖచిత్రం కాస్త వెలిసినట్టుగా ఉండొచ్చు. అవి నకిలీ కావు, నాసి మాత్రమే.

అట్ట వంగితే అది కొరియర్ తప్పు కాదు

విశాఖలో ఎక్కువగా వచ్చే పొరపాటు ఫిర్యాదు ఇదే. పుస్తకం బాగానే వచ్చింది, బల్ల మీద పెట్టారు, మర్నాటికి ముందు అట్ట పైకి లేచి వంగింది. మెత్తని అట్టకు బయటివైపు ప్లాస్టిక్ లామినేషన్ ఉంటుంది, లోపలివైపు ఉత్త కాగితం. గాలిలోని తేమను లోపలివైపే పీల్చుకుని సాగుతుంది, బయటివైపు సాగదు. దాంతో అట్ట బయటికి వంగుతుంది. ఏసీ గదిలో పెడితే మళ్లీ సర్దుకుంటుంది. దీన్ని పాడైన పుస్తకంగా రిటర్న్ అడిగితే మార్చి పంపేదీ అలాగే వంగుతుంది. అలమారలో మిగతా పుస్తకాల మధ్య కాస్త బిగువుగా నిలబెట్టండి, లేదా పైన రెండు మూడు బరువైన పుస్తకాలు పెట్టండి, వారంలో తగ్గుతుంది.

పేజీల అంచు అలలు అలలుగా ఉంటే మాత్రం చూసుకోవాలి. అంచంతా ఒకే రీతిగా సన్నని అలలుంటే తేమ. ఒకేచోట ఉబ్బి, అక్కడ గోధుమరంగు గీత లాంటి మరక ఉంటే నీళ్లు తగిలి ఆరినట్టు. ఆ గీత నీరు ఎంతదూరం పాకిందో చెప్పే హద్దు. ఇది గోడౌనులోనో లారీలోనో జరిగినది, నిస్సంకోచంగా తిప్పి పంపండి.

ఉంచుకోవాలా, పంపాలా

వెన్ను చీలినా, పేజీలు పోయినా, నీళ్లు తగిలినా, బూజు వాసన వచ్చినా పంపాల్సిందే. బూజు పట్టిన పుస్తకాన్ని జాలిపడి ఉంచుకుంటే పక్క పుస్తకాలకూ అంటుకుంటుంది, గాలిలో తేమ 65–70 శాతం దాటితే బూజుకు అంతకంటే ఏమీ అక్కర్లేదు, మన ఊళ్లో ఏడాదిలో ఎక్కువ భాగం ఆ పైనే ఉంటుంది.

ఒక మూల రెండు మిల్లీమీటర్లు మడతపడిన, చదువుకోవడానికే కొన్న నవలకు రిటర్న్ పెట్టడం మా లెక్కలో వృథా. అదే ప్యాకింగ్‌లో రెండోది వస్తుంది, ఇంకాస్త ఎక్కువ నలిగి. మీరు తిప్పి పంపిన కాపీ చాలాసార్లు అటు నుంచి అటే తుక్కుకు పోతుంది కూడా. కానుకగా ఇవ్వాల్సినది, బొమ్మల పుస్తకం, గట్టి అట్టతో వెయ్యి రూపాయలు దాటినది అయితే చిన్న నలుగుడుకు కూడా అడగండి, అడిగే హక్కు మీకుంది. కొందరు అమ్మకందారులు పుస్తకం ఉంచుకోండి, కొంత డబ్బు వెనక్కి ఇస్తాం అంటారు. వెన్ను బాగుండి మూల మాత్రమే నలిగితే అది మంచి బేరమే.

ఫిర్యాదులో ఏం రాయాలి

యాప్‌లో కారణాల జాబితా వస్తుంది. ‘ఇష్టం లేదు’, ‘మనసు మారింది’ అన్నవి నొక్కితే పని అక్కడే చెడుతుంది. ‘పాడైన వస్తువు వచ్చింది’ లేదా ‘లోపమున్న వస్తువు’ అన్నది ఎంచుకోండి. రాసే చోట భావోద్వేగాలు వద్దు, వివరం చాలు. ఇలా రాయొచ్చు:

‘డెలివరీ 14వ తేదీ. పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో, లోపల ఎటువంటి రక్షణ లేకుండా పంపారు. వెన్ను కింది కొస 3 సెంటీమీటర్లు చీలింది, ముందు అట్ట కుడి మూల నలిగింది. విప్పిన వీడియో, లేబుల్, లోపలి ప్యాకింగ్, నష్టం ఫోటోలు జత చేశాను. డబ్బాలో లేదా అట్టముక్కల మధ్య పెట్టిన మరో కాపీ కావాలి. అది కుదరకపోతే పూర్తి డబ్బు వాపసు కావాలి.’

చివరి రెండు వాక్యాలే ముఖ్యం. ఏం కావాలో చెప్పకపోతే వాళ్లకు తోచింది చేస్తారు. చాట్‌లో మాట్లాడితే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. ఫోన్‌లో మాట్లాడితే ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి.

పికప్‌కు వచ్చినవాళ్లు పుస్తకాన్ని తమ ఫోన్‌లోని ఫోటోతో పోల్చి చూస్తారు. సరిపోలకపోతే తీసుకోరు. తడిసిన పుస్తకాన్ని తిప్పి పంపేట్టయితే ప్లాస్టిక్‌లో చుట్టి ఉంచకండి, వాళ్లు వచ్చేసరికి రెండు రోజుల్లో బూజు పట్టి ఇల్లంతా వాసనవుతుంది. విడిగా గాలికి పెట్టి, పికప్ రోజున కవర్లో వేయండి. ఇచ్చేటప్పుడు వెనక్కి తీసుకున్నట్టు మెసేజ్ వచ్చేదాకా అబ్బాయిని పంపకండి.

కాదంటే

2020 జులైలో అమల్లోకి వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, వస్తువు లోపభూయిష్ఠమైనా, నకిలీదైనా, ప్రకటించినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోననడానికి అమ్మకందారుకు వీల్లేదు. ప్రతి సైటుకూ ఒక ఫిర్యాదుల అధికారి ఉండాలి, పేరూ సంప్రదించే వివరాలూ సైటులోనే కనబడాలి. సాధారణంగా పేజీ అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఆ అధికారి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. కస్టమర్ కేర్ చాట్‌లో మూడుసార్లు తిరగడం కంటే ఈ అధికారికి ఒక ఈమెయిల్ రాయడమే పని చేస్తుంది. ఎందుకంటే గడువు లెక్క మొదలవుతుంది.

అక్కడా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు, పోర్టల్‌లో రాయొచ్చు. ఇది కోర్టు కాదు, తీర్పు చెప్పదు. ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తుంది. ఒక పుస్తకమంత చిన్న మొత్తాల ఫిర్యాదులు చాలావరకు ఇక్కడ తేలిపోతాయి. కార్డుతో కట్టినవాళ్లకు బ్యాంకులో చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బును బ్యాంకు ద్వారానే వెనక్కి తెప్పించమని అడిగే దారి కూడా ఉంది, అదీ ఫోటోలూ ఫిర్యాదు నంబర్లూ ఉంటేనే.

ఖరీదైన సెట్టు మీద వేలల్లో పోయిందనుకుంటే విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక అమ్మినవాడి ఊరికి పోవాల్సిన పని లేదు, కొన్నవాళ్లు ఉంటున్న చోటే వేయొచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. 2025 నుంచి వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ వేదిక ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే దాఖలు చేయొచ్చు. మూడొందల పుస్తకానికి ఇంతదూరం పోవాలా అంటే, మా సలహా 1915 దగ్గర ఆగమనే.

ఉంచుకున్నదాన్ని బాగుచేయడం

ఫోటోలు తీసి, ఫిర్యాదు తేలాకే ఇందులో చేయి పెట్టండి. బాగుచేసిన పుస్తకానికి రిటర్న్ రాదు.

తడిసినదానికి ఎండ పనికిరాదు, కాగితం బిరుసెక్కి వంకర్లు పోతుంది. వేడి గాలి డ్రయ్యరూ అంతే. ఫ్యాను కింద నిలువుగా పెట్టి పేజీలు విప్పండి, లేదా ఏసీ గదిలో పెట్టండి, ఏసీ తేమను లాగేస్తుంది. సముద్రం వైపు బాల్కనీలో మాత్రం వద్దు. పది పదిహేను పేజీలకొకటి చొప్పున తెల్ల టిష్యూ కాగితం పెట్టి, గంటా రెండు గంటలకోసారి మార్చండి. వార్తాపత్రిక పెడితే సిరా అంటుకుంటుంది. టిష్యూలు మరీ ఎక్కువ పెడితే పుస్తకం ఉబ్బి వెన్ను విరుగుతుంది. ఇంకా కొద్దిగా చెమ్మ ఉండగానే మూసి, రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య పెట్టి, పైన రెండు ఇటుకలుంచండి. మూడు నాలుగు రోజులు.

నున్నటి ఆర్ట్ పేపరు బొమ్మల పుస్తకం తడిస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు. ఆ కాగితం మీది పూత తడికి మెత్తబడి, ఆరేటప్పుడు జిగురై పేజీలను అంటించేస్తుంది, తర్వాత విడదీస్తే బొమ్మ ఊడి వస్తుంది. తడిగా ఉండగానే ఒక్కో పేజీ విడదీయాలి. అంత తీరిక లేకపోతే కవర్లో చుట్టి ఫ్రిజ్ ఫ్రీజర్లో పెట్టేయండి. బాగుపడదు గానీ చెడటం ఆగుతుంది, తీరిక చిక్కిన రోజు తీసి మొదలుపెట్టొచ్చు.

నలిగిన గట్టి అట్ట మూలలో పొరలు విడిపోతాయి. అగ్గిపుల్లతో ఫెవికాల్ సన్నగా పొరల మధ్యకు పంపి, పైన కింద పాలిథిన్ ముక్కలు పెట్టి, వాటి మీద అట్టముక్కలుంచి బైండర్ క్లిప్పులు బిగించి ఒక రాత్రి వదలండి. మెత్తని అట్ట మూలను గరిటె వెనకవైపుతో నున్నగా రుద్ది, బరువు కింద పెడితే సగం తగ్గుతుంది. మడత పడ్డచోట తెల్లగీత పోదు. ఇస్త్రీపెట్టె పెడితే లామినేషన్ బుడగలు లేస్తుంది, ఆ ఆశ వదులుకోండి. ఊడిన పేజీకి అంచున రెండు మిల్లీమీటర్ల మేర మాత్రమే జిగురు రాసి లోపలికి నెట్టి బరువు పెట్టండి. సెలోటేపు ఎప్పుడూ వద్దు, మన ఉక్కకు జిగురు కారి పక్క పేజీకి అంటుకుంటుంది, కొన్నేళ్లకు పసుపు మరక మిగులుతుంది. మైదా పేస్టు పాత బైండర్లు వాడేదే, బలమైనదే, కాకపోతే బొద్దింకలకూ, కాగితం తినే వెండిచేప పురుగులకూ విందు. పురుగుమందు కలపకుండా వాడవద్దు.

ధర స్టిక్కరు జిగురు లామినేషన్ అట్ట మీద ఉంటే దూదికి ఒక చుక్క నీలగిరి తైలం అద్ది తుడవండి. లామినేషన్ లేని అట్ట మీద, గుడ్డ అట్ట మీద తైలం వేస్తే మరక శాశ్వతం.

నలగకుండా తెప్పించుకునే ఇంకో దారి, మీరే పంపాల్సి వస్తే

విజయవాడ, హైదరాబాద్ ప్రచురణకర్తల దగ్గర నుంచి ఒక్కొక్కటిగా కాకుండా నలుగురు స్నేహితులు కలిసి పదిహేను, ఇరవై పుస్తకాలు ఒకేసారి తెప్పించుకుంటే నలగడం చాలా తగ్గుతుంది. బిగువుగా కట్టిన కార్టన్‌లో పుస్తకాలు ఒకదాన్నొకటి కదలనివ్వవు. ఆర్టీసీ కార్గోలో వేయించుకుంటే ద్వారకా బస్ స్టేషన్‌కు వస్తుంది. తీసుకునేటప్పుడు కార్టన్ మూలలు చూసి, నలిగో తడిసో ఉంటే సంతకం పెట్టే కాగితం మీదే ఆ మాట రాసి ఫోటో తీసుకోండి. సంతకం పెట్టి ఇంటికొచ్చాక చెబితే ఎవరూ వినరు.

మీరే ఎవరికైనా పంపాలంటే, డెమ్మీ సైజు పుస్తకానికి, అంటే సుమారు 14×21.5 సెంటీమీటర్లకు, 16×24 కొలతలో, లోపల ముడతలుండే డబ్బా అట్టతో రెండు ముక్కలు కోయండి. పాత డబ్బాలు చాలు, కిరాణా కొట్లో అడిగితే ఇస్తారు. ఒక ముక్కలో ముడతలు నిలువుగా, రెండోదానిలో అడ్డంగా ఉండేలా కోస్తే ఏ వైపుకూ వంగదు. పుస్తకానికి ముందు పలుచని పాలిథిన్ కవరు, తర్వాత రెండు ముక్కల మధ్య పెట్టి నాలుగు వైపులా టేపు. పుస్తకం జారకుండా టేపు అంచులకు ఆనించి వేయాలి, పుస్తకానికి తగలకూడదు. చుట్టూ మిగిలిన సెంటీమీటరు అట్టే దెబ్బను తీసుకుంటుంది. పురికొస నేరుగా పుస్తకానికి కట్టకండి, అంచుల్లోకి కోసుకుపోతుంది. రెండు మూడు పుస్తకాలైతే వెన్నులు ఒకటి ఇటు, ఒకటి అటు వచ్చేలా పేర్చండి, లేకపోతే వెన్ను వైపు ఎత్తై పైది జారుతుంది. అయిదు కిలోలు దాటితే అయిదు పొరల డబ్బా తీసుకుని, లోపల ఖాళీ అంతా ఉండచుట్టిన కాగితంతో గట్టిగా నింపండి. టేపు వేశాక చెవి దగ్గర పెట్టి ఊపండి. ఏమాత్రం కదిలిన చప్పుడు వినిపించినా విప్పి ఇంకాస్త కాగితం కుక్కండి.